తడి మెట్టు

"అసలు టోపీ గట్టుమీద పెట్టిందెవరు?" అంది ఇవోనా.

అడిగిన ప్రశ్ననే మళ్ళీ మళ్ళీ అడగడంలో ఇవోనాని మించినవాళ్ళు లేరు. పోజ్నాన్ నుంచి మొదటి రైలు పట్టుకుని వచ్చింది. సెలవులకని తమ్ముడు అద్దెకు తీసుకున్న ఆ ఇరుకింటి వంటగదిలో కోటు కూడా విప్పకుండా నిలబడి తమ్ముణ్ణీ మరదల్నీ నిలదీస్తోంది. తల్లి కోసం తెచ్చిన కోడి చారు సీసా బల్లమీద ఉంది. దాన్ని ఎవరైనా ముట్టుకుంటారేమోనని ఒక చెయ్యి దానిమీదే వేసి ఉంచింది.

"ఎవరు పెడితే ఏముందక్కా," అన్నాడు రాదెక్. రాత్రంతా తోరూన్ ఆస్పత్రి కుర్చీలో కూర్చుని వచ్చిన మనిషి. గొంతు బొంగురు పోయింది. "గాలికి ఎగిరి నది మెట్లమీద పడింది. అమ్మ తీసుకుందామని దిగింది. జారింది. ఇంకెన్నిసార్లు చెప్పించుకుంటావ్?"

"అమ్మ దిగుతుంటే నువ్వేం చేస్తున్నావ్?"

"కలీనాకి ఐస్‌క్రీం కొనిపెడుతున్నా."

"బాగుంది! మే నెల మొదట్లో, ఆ నదిగాలిలో, ఎనిమిదేళ్ళ పిల్లకి ఐస్‌క్రీం! అమ్మ వద్దనలేదా?"

"అమ్మకి చెప్పలేదు."

"చెప్పవు. ఎందుకు చెప్తావ్?" ఇవోనా మరదలివైపు తిరిగింది. "నువ్వెక్కడున్నావ్ దొరోతా?"

దొరోతా ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిన సంచి సర్దుతోంది. అత్తగారి నైట్‌గౌను మడతపెడుతున్న చేతులు ఒక్క క్షణం ఆగాయి.

"బిస్కెట్ల కొట్టు దగ్గర," అంది. "అటు తిరిగి ఉన్నాను. చప్పుడు విని పరిగెత్తుకొచ్చాను."

నిన్న సాయంత్రం నుంచి ఈ మాట అంబులెన్సు వాళ్ళకి చెప్పింది, డాక్టరుకి చెప్పింది, మొగుడికి చెప్పింది. చెప్పేకొద్దీ మాట నున్నగా తయారైంది. ఇప్పుడు నోట్లోంచి ఎక్కడా తట్టుకోకుండా వచ్చేస్తోంది. అదే ఆమెకి భయంగా ఉంది.

"కప్పు పెట్టావా సంచిలో? చెంచా?"

"లేదు."

"ఆస్పత్రిలో కప్పూ చెంచా ఎవరిస్తారమ్మా? మీ చుట్టాలేమైనా ఉన్నారా అక్కడ?" ఇవోనా సంచి తనవైపు లాక్కుంది. "డాక్టరు ఏమన్నాడ్రా?"

"మధ్యాహ్నం ఆపరేషన్. తుంటి విరిగింది, రాడ్డు వేస్తారట." రాదెక్ కళ్ళు నులుముకున్నాడు. "ఎముక గురించి బెంగలేదన్నాడు. గుండె గురించే. మత్తు తట్టుకుంటుందో లేదో ముందే చెప్పలేనన్నాడు. లోపలికి తీసుకెళ్ళకముందే అందరూ వచ్చి చూసి వెళ్ళండి అన్నాడు."

ఇవోనా చెయ్యి చారు సీసా మీదనుంచి జారింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. 

"ఒక్కరుండాల్సింది," అంది. "ఎవరో ఒక్కరు. 'అమ్మా, చూసుకో' అని ఒక్క కేక వేస్తే చాలు. అంతేగా కావాల్సింది! ఇంతమంది కలిసి సెలవులకొచ్చారు, ఒక్క కేక వేసే దిక్కులేదా మా అమ్మకి?"

"తప్పు నాదే," అన్నాడు రాదెక్. "వదిలి వెళ్ళకుండా ఉండాల్సింది." పొద్దున ఆస్పత్రి నుంచి వస్తూనే దొరోతా ఒళ్ళో తలపెట్టుకుని ఇదే మాట అంటూ ఏడ్చాడు. ఆమె వీపు నిమిరింది. నిమురుతున్నంతసేపూ తన చెయ్యి తనది కానట్టుగా ఉంది.

ఇప్పుడు దొరోతా నైట్‌గౌను మడత విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

*

మా దేశంలో అత్తగారిని పిలవడానికి వేరే పిలుపంటూ లేదు. అమ్మా అనాల్సిందే. అయితే కోడలు తనంతట తాను ఆ మాట తీసుకోకూడదు. అత్తగారే ముందు "ఇకనుంచి నన్ను అమ్మా అను" అని చెప్పాలి. పెళ్ళి విందులోనో, మర్నాడు పొద్దున కాఫీ దగ్గరో ఆ ముక్క అయిపోతుంది. బుగ్గలమీద ముద్దులు పెట్టుకుంటారు, కళ్ళు తుడుచుకుంటారు, అక్కడితో సరి.

దొరోతా అత్తగారు యాద్విగా ఆ ముక్క అనలేదు. పెళ్ళినాడూ అనలేదు, మర్నాడూ అనలేదు.

దొరోతా అడగనూ లేదు. అప్పటికి ఆమె కన్నతల్లి పోయి నాలుగు నెలలు. ఆ మాటని ఆఖరిసారి వాడింది ఒక ఆస్పత్రి మంచం పక్కన. ఇంకొకరికి వాడమంటే గొంతు ఒప్పుకునేది కాదేమో. అనమనకపోవడమే నయం అనుకుంది. పెళ్ళికి ముందు పిలిచినట్టు "యాద్విగా గారూ" అందామా అంటే, ఇంటికొచ్చిన కోడలు అలా పిలిస్తే మొహంమీద తలుపు వేసినట్టే.

దాంతో దొరోతా మాటల్లోంచి అత్తగారే మాయమైపోయింది. "టీ తాగడం ఉందా?" అనేది. "మందులు వేసుకోవడం అయిందా?" అనేది. "కిటికీ తెరిచి ఉంచడమా, మూసెయ్యడమా?" అని గోడని చూస్తూ అడిగేది. మా మరదలు రైల్వే స్టేషన్ మైకులా మాట్లాడుతుంది అని ఇవోనా పండక్కి వచ్చినప్పుడల్లా నవ్వించేది. అందరూ నవ్వేవాళ్ళు. అత్తగారు మాత్రం నవ్వేది కాదు.

కలీనా పుట్టాక కాస్త ఊపిరాడింది. "కలీనా, నానమ్మని భోజనానికి పిలు." "కలీనా, నానమ్మ కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో అడుగు." నానమ్మ ఆ పక్క కుర్చీలోనే ఉన్నా సరే, మాట పిల్ల మీదుగా వెళ్ళి పిల్ల మీదుగా తిరిగొచ్చేది. వూచ్ నగరంలో వాళ్ళ ఇల్లు తొమ్మిదేళ్ళుగా ఇలాగే నడిచింది. దీనివల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు, నిన్నటిదాకా.

నిన్న గొడవ టోపీతో మొదలైంది. యాద్విగా స్వయంగా అల్లిన ఎర్ర ఊలు టోపీ. "విస్వా నది గాలి చెవుల్లో దూరితే అంతే సంగతులు," అంటూ మనవరాలి తలమీద కళ్ళదాకా లాగింది. పిల్ల దురద అని గునిసింది. "ఇంత ఎండలో టోపీలేమిటో," అని దొరోతా ఎవరితోనూ కానట్టు గాలితో చెప్పి, టోపీ తీసి గట్టుమీద పెట్టింది. సంచిలో పెట్టొచ్చు. పెట్టలేదు. ఆవిడకి కనిపించేలా గట్టుమీద పెట్టింది.

యాద్విగా పెదాలు బిగించి నదివైపు తిరిగింది. రాదెక్ "ఐస్‌క్రీం తిందామా కలీనా?" అని పిల్లని తీసుకుని జారుకున్నాడు. ఇంట్లో ఆడవాళ్ళ మౌనం చూడగానే ఐస్‌క్రీం గుర్తొచ్చే మగవాళ్ళలో అతనొకడు.

దొరోతా అల్లం బిస్కెట్ల కొట్టువైపు నడిచింది. కొట్టుదాకా వెళ్ళలేదు. ఎందుకో వెనక్కి తిరిగి చూసింది. గట్టుమీద టోపీ లేదు, అత్తగారూ లేరు. గట్టు అంచుకి వచ్చి చూస్తే ఆవిడ కింద నది మెట్లమీద ఉంది. ఆ కింది మెట్లు నీళ్ళు తగ్గి అప్పుడే బయటపడినవి. పాచితో పచ్చగా మెరుస్తున్నాయి. ఆవిడ కాళ్ళకి ఆదివారం చర్చికి వేసుకెళ్ళే నున్నటి బూట్లు. టోపీ అందుకుంది. అందుకుని, వీపు ఇటు పెట్టి, ఎందుకో అక్కడే నిలబడింది.

దొరోతా నోరు తెరిచింది. నోట్లో మాట లేదు.

అలవాటుకొద్దీ పక్కకి తిరిగింది, "కలీనా, నానమ్మని చూసి పైకి రమ్మను" అనడానికి. పక్కన కలీనా లేదు. మళ్ళీ ఇటు తిరిగేసరికి చప్పుడు వినిపించింది.

జరిగింది ఇంతే. ఇంత చెబితే మొగుడు అర్థం చేసుకునేవాడేమో. కానీ దొరోతాని రాత్రంతా తినేసింది ఇది కాదు. "ఏయ్" అన్నా సరిపోయేది. "జాగ్రత్త" అన్నా సరిపోయేది. అక్కడ ఎవరో ముక్కూమొహం తెలియని ముసలామె ఉంటే అరిచి ఉండేది కదా! మాట దొరకలేదు, నిజమే. మాట కోసం వెతుక్కుంటున్న ఆ కాస్త సేపట్లో, పంతంగా నిలబడిన ఆ వీపుని చూస్తూ, 'కాలు జారితే తెలిసొస్తుంది' అని లోపల ఎక్కడైనా అనుకుందా?

అనుకున్నట్టూ ఉంది, అనుకోనట్టూ ఉంది. తెల్లారేదాకా తవ్వినా తేలలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

*

"కలీనా ఇంకా లేవలేదా?" అంది ఇవోనా. "దాన్ని లేపి ఇంత చారు పొయ్యి."

దొరోతా పడగ్గది తలుపు తీసింది. పక్క ఖాళీగా ఉంది. తలుపు వెనక కొక్కానికి ఉండాల్సిన పిల్ల జాకెట్టు లేదు. ఆస్పత్రి వాళ్ళు తిరిగిచ్చిన బట్టల సంచి నేలమీద తెరిచి ఉంది. అందులో ఎర్ర టోపీ లేదు.

పడగ్గదికి మేడమెట్లవైపు వేరే తలుపుంది; దానికీ వంటగదికీ మధ్య చెక్క గోడ. టోపీ ఎవరు పెట్టారు, టోపీ ఎందుకు తీశారు అని ఇవోనా అడిగిన ప్రతి మాటా ఇటు వినిపించే ఉంటుంది.

"పిల్ల లేదు!"

రాదెక్ ఒక్క ఉదుటున లేచి నదివైపు పరిగెత్తాడు. ఇవోనా మేడమెట్ల మీద నిలబడి వీధి మొత్తానికి వినిపించేలా "కలీనా!" అని కేక పెట్టింది. ఆమె గొంతుకి ఏనాడూ మాట కరువు లేదు.

దొరోతా నదివైపు వెళ్ళలేదు. పిల్ల ఎక్కడుంటుందో ఆమెకి తెలిసినట్టే అనిపించింది. వీధి మలుపు తిరిగితే ఒరిగిన బురుజు.

మొన్న ఊళ్ళోకి దిగీ దిగగానే అందరూ అక్కడికే వెళ్ళారు. బురుజు గోడకి వీపూ మడమలూ ఆనించి, చేతులు ముందుకు చాపి నిలబడాలి. పాపం లేనివాడు నిలబడతాడు, పాపం చేసినవాడు ముందుకి పడతాడు అని ఊళ్ళో అంటారు. గోడే మనిషి మీదికి ఒరిగి ఉంటే ఎవడు నిలబడతాడు? రాదెక్ పడ్డాడు, కలీనా పడింది, దొరోతా పడింది, అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. యాద్విగా ఒక్కతే నిలబడనంది. "నా పాపాలు నాకూ దేవుడికీ తెలుసు, మధ్యలో గోడకెందుకు చెప్పుకోవడం?" అంది.

ఇప్పుడు గోడ దగ్గర సెలవులకొచ్చిన జనం వరసలో నిలబడి ఉన్నారు. వరస కదలడం లేదు. గోడ దగ్గర కలీనా ఉంది, తలమీద ఎర్ర టోపీ కళ్ళదాకా లాక్కుని. మడమలు గోడకి ఆనించింది. చేతులు చాపింది. ముందుకి పడింది. ఎవరో చప్పట్లు కొట్టారు. పిల్ల లేచి, గీరుకుపోయిన అరచేతులు జాకెట్టుకి రుద్దుకుని, మళ్ళీ వెళ్ళి గోడకి ఆనుకుంది.

"కలీనా!"

"ఆగమ్మా. ఇంకొక్కసారి."

మళ్ళీ పడింది. దొరోతా పరిగెత్తి లేవదీసి, వరసలోంచి పక్కకి తీసుకెళ్ళి అరుగుమీద కూర్చోబెట్టింది. మోకాళ్ళు రెండూ కొట్టుకుపోయి ఉన్నాయి.

"చెప్పకుండా వచ్చేస్తావా? నాన్న నది దగ్గర వెతుకుతున్నాడు, తెలుసా?"

"ప్రతిసారీ పడిపోతున్నానమ్మా."

"అందరూ పడతారమ్మా. గోడే వంకరగా ఉంది. మొన్న మనం ఎంత నవ్వాం?"

"మొన్న ఊరికే పడ్డాం. ఇవాళ అడిగి పడ్డాను."

"ఏమని అడిగావ్?"

కలీనా టోపీ ఇంకా కిందికి లాక్కుంది. కళ్ళు కనిపించలేదు. "నానమ్మ పడింది నావల్లేనా అని. దురద అని నేనే కదా అన్నాను. గోడ అవునంది."

దొరోతా నిన్నటినుంచి తన అబద్ధం తనని ఒక్కదాన్నే కోస్తోందనుకుంది. మొగుడు తప్పు నాదే అని ఏడుస్తున్నా, పోనీలే, పెద్దవాడు, మోస్తాడు అనుకుంది. అది గోడమీంచి దిగి ఈ పసిదాని మోకాళ్ళమీదకి వస్తుందని అనుకోలేదు.

లేచి వెళ్ళి, వరసలో ముందున్నవాళ్ళని ఒక్క నిమిషం అని బతిమాలి, గోడకి ఆనుకుని నిలబడింది. చేతులు చాపింది. పడింది. మోకాలి దగ్గర మేజోడు చిరిగింది. లేచి వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

"చూశావా? నేనూ అడిగే పడ్డాను."

"అయితే నువ్వూ తప్పు చేశావా?"

పిల్లలు అడిగితే అలాగే అడుగుతారు. తప్పించుకోవడానికి సందు ఇవ్వరు.

"చేశాను," అంది దొరోతా. "నీ తలమీంచి టోపీ తీసింది నేను. గట్టుమీద పెట్టింది నేను. నానమ్మ కింద మెట్లమీద ఉన్నప్పుడు నేను పైనుంచి చూశాను. కొట్టు దగ్గర లేను. జాగ్రత్త అని పిలవాల్సింది. పిలవలేదు."

"ఎందుకు పిలవలేదు?"

"ఏమని పిలవాలో తెలియలేదు."

కలీనా ఆలోచించింది. "నానమ్మా అనొచ్చుగా."

"అది నీ మాట తల్లీ."

"మరి నీ మాటేది?"

దొరోతా పిల్ల అరచేతిలో గుచ్చుకున్న చిన్న రాయి ముక్కని గోటితో తీసింది.

"నాన్నకి చెప్పావా?"

"లేదు."

"చెప్తావా?"

"చెప్తాను."

"నానమ్మని లోపలికి తీసుకెళ్ళకముందే చెప్తావా?" అంది కలీనా. "తర్వాత కాదు. ముందే."

*

ఆస్పత్రి గదిలో ఇంకో మంచంమీద ఎవరో నిద్రపోతున్నారు. యాద్విగా కళ్ళు మూసుకుని ఉంది. కట్టుడు పళ్ళు తీసేశారు, ఉంగరం తీసేశారు, జుట్టుని ఆకుపచ్చ గుడ్డ టోపీలో దోపారు. ఇంట్లో పెత్తనమంతా ఆవిడదే అన్నట్టుండే మనిషి ఇంత చిన్నదా అనిపించింది దొరోతాకి.

"మత్తుకి ముందిచ్చే మందు ఇచ్చారు, మగతగా ఉంటుంది," అంది నర్సు. "కాసేపట్లో తీసుకెళ్తారు. చారు ఇవ్వడానికి లేదమ్మా, ఏమీ తాగకూడదు."

"ఇప్పుడు ఇవ్వడానికి కాదు, లేచాక ఇవ్వడానికి," అంది ఇవోనా, సీసా కిటికీలో పెడుతూ. పక్కనే కప్పు, చెంచా పెట్టింది. వాటిని చూస్తూ ఏడుపు ఆపుకుంది.

రాదెక్ తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా. నేనే. నన్ను క్షమించమ్మా. ఆ ఐస్‌క్రీం గొడవ లేకపోతే..."

"రాదెక్," అంది దొరోతా.

కలీనా తల్లివైపే చూస్తోంది. టోపీ తీసి రెండు చేతుల్లో పట్టుకుని ఉంది.

"నేను కొట్టు దగ్గర లేను," అంది దొరోతా. "గట్టుమీద ఉన్నాను. చూశాను."

"ఏం చూశావ్?"

"అంతా చూశాను. పాచి మెట్టుమీద నిలబడడం చూశాను. జారుతుందని తెలుసు. నోరు తెరిచాను, మాట రాలేదు. కలీనాతో పిలిపిద్దామని పక్కకి తిరిగాను. అంతలోనే..." ఆమె మొగుడివైపు తిరిగింది. "నీకు అబద్ధం చెప్పాను. డాక్టరుకీ చెప్పాను. టోపీ గట్టుమీద పెట్టింది కూడా నేనే. కావాలనే పెట్టాను."

రాదెక్ తల్లి చెయ్యి మెల్లగా మంచంమీద పెట్టి లేచాడు.

"పొద్దున నీ ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చాను," అన్నాడు. "నా వల్లే అన్నాను. నువ్వు నా వీపు నిమిరావు."

"నిమిరాను."

"కాదని ఒక్కమాట అనలేదు."

"అనలేదు."

అతను కిటికీ దగ్గరకి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. తిట్టి ఉంటే బాగుండేది అనుకుంది దొరోతా. తిట్టే పని ఇవోనా తీసుకుంది.

"మాట రాలేదా? తొమ్మిదేళ్ళుగా మా అమ్మ వండింది తిన్నావు, నీ పిల్లకి జ్వరమొస్తే మా అమ్మ కాచుకుని కూర్చుంది, ఆవిడ పడిపోతుంటే నీకు మాట రాలేదా? కుక్కనైనా ఛీ అనో రా అనో పిలుస్తారే!"

"అరవకే ఇవోనా," అంది యాద్విగా.

అందరూ ఉలిక్కిపడ్డారు. ఆవిడ కళ్ళు తెరవలేదు. పళ్ళు లేని నోట్లో మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి, అయినా ప్రతి మాటా తెలుస్తోంది.

"పక్కావిడ పడుకుంది, కనిపించడంలేదూ? నాకు తెలుసు, నిన్న అది నా వెనకే ఉందని. తొమ్మిదేళ్ళుగా నా ఇంట్లో తిరుగుతోంది. దాని మడమల చప్పుడు నాకు తెలీదా?"

"అమ్మా, నువ్వు మాట్లాడకు, అలిసిపోతావ్."

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు మాట్లాడతానే? టోపీ చేతికొచ్చింది. పైకి వచ్చేద్దామనుకున్నాను. వెనక చప్పుడు వినిపించింది. వచ్చి నిలబడింది. ఇప్పుడు పిలుస్తుంది అనుకున్నాను. పిల్ల కూడా పక్కన లేదు కదా, ఇప్పుడు తప్పదు, పిలిచి తీరాలి అనుకున్నాను. ఏమని పిలుస్తుందో విందామని తిరిగి చూడకుండా నిలబడ్డాను." ఆవిడ ఊపిరి తీసుకుంది. "ఆ మెట్టు తడిగా ఉందని నాకూ తెలుసు."

దొరోతా మంచం చువ్వ పట్టుకుంది.

"పెళ్ళినాడు నేనే అనాలి," అంది యాద్విగా. "అమ్మా అను అని. అందామని గ్లాసు పట్టుకుని లేచాను కూడా. నీ మొహం చూశాను. తల్లి పోయిన పిల్లవి. ఎలా అడగను? దానికది అనాలనిపించినప్పుడు అంటుందిలే, ఎవరు తొందరపెట్టారు అనుకున్నాను. ఏడాది చూశాను. రెండేళ్ళు చూశాను. ఆ తర్వాత నాకూ పంతం పట్టుకుంది. ఇంత వయసొచ్చి బుద్ధి లేదు నాకు."

"నేను..." అంది దొరోతా. తన మీద జాలి చూపించి అడగని మనిషిని, తనని కాదనుకుందని ఇన్నేళ్ళూ లోపల పెట్టుకుంది. మెట్టుమీద నిలబడిన ఆ వీపుని చూసి 'పంతం' అనుకుంది. అది ఎదురుచూపని అనుకోలేదు.

ఇద్దరు మనుషులు చక్రాల మంచం తోసుకుంటూ వచ్చారు. యాద్విగాని దుప్పటితో సహా ఎత్తి దానిమీద పడుకోబెట్టారు. ఆవిడ నొప్పికి పళ్ళులేని చిగుళ్ళు బిగించింది గానీ మూలగలేదు. కాళ్ళు తలుపువైపు, తల ఇటువైపు.

"ఇప్పుడు చెప్పు," అంది, ఎవరివైపూ చూడకుండా. "నిన్న నోరు తెరిచావు కదా. ఏమని పిలవబోయావు?"

ఏమీ లేదు. నిజం అదే. నోట్లో ఏమీ లేదు. అమ్మా అనబోయానని ఇప్పుడు చెబితే ఆవిడ సంతోషంగా లోపలికి వెళ్తుంది. అది నిన్నటి అబద్ధం కంటే పెద్ద అబద్ధం అవుతుంది. ఏమీ లేదని చెబితే అదే ఆవిడ వినే ఆఖరి మాట కావచ్చు. పిలవడమొక్కటే మిగిలింది. ఆ మాట ఆఖరిసారి ఒక ఆస్పత్రి మంచం దగ్గర అన్నప్పుడు వినడానికి మనిషి లేకుండా పోయింది. మళ్ళీ ఇలాంటి మంచం దగ్గరే.

చక్రాలు కదిలాయి. రాదెక్ కిటికీ దగ్గర్నుంచి ఇటు తిరిగాడు. ఇవోనా అరచేత్తో నోరు మూసుకుంది. అందరూ దొరోతానే చూస్తున్నారు.

దొరోతా నోరు తెరిచింది. అలవాటుకొద్దీ పక్కకి తిరిగింది.

ఈసారి కలీనా పక్కనే ఉంది. ఎర్ర టోపీ గుండెలకి హత్తుకుని తల్లి మొహంలోకి చూసింది. పెదాలు గట్టిగా బిగించి, వద్దన్నట్టు తల ఊపింది.

"నేను పిలవను," అంది. "నువ్వే."

మంచం తలుపుదాకా వెళ్ళిపోయింది. దొరోతా దాని వెనకే నడిచింది. చిరిగిన మేజోడు, ఎత్తు మడమల బూట్లు. గచ్చుమీద ఆ చప్పుడు గదంతా వినిపించింది.

తలుపు దగ్గర దుప్పటి కిందినుంచి ఒక చెయ్యి పైకి లేచింది. తోస్తున్నవాళ్ళని ఆగమంది.

మంచం ఆగింది. యాద్విగా వెనక్కి తిరిగి చూడలేదు.